పక్కన వేసిన కుర్చీ

నేను ఒక కుర్చీని. గొప్ప కుర్చీని కాను. నా కోసం ఎవరూ ఎన్నికల్లో నిలబడలేదు, నన్ను వదలలేక ఎవరూ వేలాడలేదు. నాలుగు కాళ్ళు, రెండు చేతులు, నడుము ఆనడానికి ఒక చెక్క. అంతే నా ఆస్తి.

జగిత్యాలలో ఒక వడ్రంగి నన్ను టేకుతో చేశాడు. చేస్తున్నంతసేపు పక్కవాళ్ళతో రాజకీయాలు మాట్లాడాడు. అందుకే కాబోలు నా ఎడమ చెయ్యి కుడిదానికంటే వెంట్రుకవాసి పొట్టి. కరీంనగర్‌లో ఒక ఫోటో స్టూడియోవాళ్ళు నన్ను కొనుక్కున్నారు. అక్కడ చాలా ఏళ్ళు ఉన్నాను. మనుషుల సంగతి నాకు తెలిసింది అక్కడే. నవ్వండి అనగానే ముఖం బిగించేవారు, అయిపోయింది అనగానే నవ్వేవారు. అసలు ముఖం ఎప్పుడూ ఫోటో అయ్యాకే బయటికొచ్చేది. దాన్ని నేను తప్ప ఎవరూ చూసేవారు కాదు.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. డాక్టర్ మురహరి నన్ను తన మానసిక వైద్యశాలకు తెచ్చుకున్నాడు. ఆయన కూర్చోవడానికి కాదు. ఆయనకు గిర్రున తిరిగే కుర్చీ వేరే ఉంది. నన్ను లోపలి గదిలో, మందు ఎక్కించే మంచం పక్కన వేశారు.

ఆ మందు పేరు కెటమిన్. కొత్తదేమీ కాదు, ఆపరేషన్లకు ముందు మత్తు కోసం ఇచ్చే పాత మందే. దాన్ని కొద్ది మోతాదులో సెలైన్‌లో కలిపి, ఏ మాత్రలకూ లొంగని దిగులుకు ఇస్తారు. మందు ఎక్కాక మనిషి కాసేపు తనలోకి తాను దిగిపోతాడు. అక్కడ ఏం ఎదురవుతుందో డాక్టర్లకు కూడా ముందుగా తెలియదు.

అందుకని పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి అనసూయ. మందులు రాసే డాక్టరు కాదు, మాటలతో వైద్యం చేసే సైకాలజిస్టు. మందు ఇచ్చే ముందు రోజు రోగితో మాట్లాడేది. మందు నడుస్తున్నంతసేపు నాలో కూర్చునేది. అప్పుడు మాత్రం ఏమీ అడిగేది కాదు. వాళ్ళు ఏడిస్తే ఏడవనిచ్చేది, భయపడితే "నేను ఇక్కడే ఉన్న" అనేది. మర్నాడు మళ్ళీ కూర్చోబెట్టి, లోపల కనిపించినదాన్ని వాళ్ళ చేతే మెల్లగా విప్పించేది. ఆమె బరువు నాకు చాలా ఇష్టంగా ఉండేది. స్టూడియోలో కూర్చున్నవాళ్ళు ఎప్పుడు లేద్దామా అన్నట్టు కూర్చునేవారు. ఆమె నిజంగా కూర్చునేది.

ఓదెలు ఆ గదికి వచ్చింది ఎండాకాలంలో. బొగ్గు గనిలో పనిచేసేవాడు. లోపల పైకప్పు కూలకుండా గుంజలు నిలబెట్టడం అతని పని. ఒకరోజు ఇంకో గుంజ తెస్తానని వెనక్కి వెళ్ళాడు. ఆలోపే కప్పు కూలింది. కింద ఉన్నది జంపయ్య, ఓదెలు సొంత అక్క భర్త. విచారణలో ఓదెలు తప్పేమీ లేదని తేల్చారు. ఆ తీర్పు అతని చెవికి ఎక్కలేదు. తిండి మానేశాడు, మాట మానేశాడు. చచ్చిపోవాలని ఒకసారి ప్రయత్నం కూడా చేశాడు. అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది ఎవరో కాదు, ఆ అక్కే. మధునమ్మ. భర్తను పోగొట్టుకున్న మనిషి తమ్ముణ్ణి దక్కించుకోవాలని ఊరి నుంచి బస్సులో తీసుకొచ్చేది.

మొదటి రెండుసార్లు అనసూయే కూర్చుంది. రెండోసారి అయ్యాక ఓదెలు టీ అడిగి తాగాడు. మధునమ్మ వరండాలో నర్సు చేతులు పట్టుకుని ఏడ్చింది. "మా తమ్ముడు చాయ్ అడిగిండు బిడ్డా" అని. టీ అడిగినందుకు ఏడ్చే మనుషులను నేను అంతకుముందు చూడలేదు. నాకూ సంతోషం కలిగింది.

ఆ తర్వాత వైద్యశాలకు పేరు వచ్చింది. బయట జనం ఎక్కువయ్యారు. వాళ్ళందరివీ నిజమైన కష్టాలే, ఆ మాట నేను ఒప్పుకుంటాను. డాక్టర్ మురహరి అనసూయను ముందు గదిలో కొత్తవాళ్ళను చూడమన్నాడు. లోపల మందు నడిచేటప్పుడు రోగి తాలూకు మనిషి ఎవరైనా కూర్చుంటే చాలన్నాడు. నర్సు మధ్యమధ్యలో వచ్చి బీపీ చూసుకుంటుందన్నాడు.

అనసూయ నా వీపు మీద చెయ్యి వేసి నిలబడే వాదించింది.

"మందు మీదున్నప్పుడు మనిషి పచ్చిమట్టి లెక్క ఉంటడు సార్. అప్పుడు చెవిల పడ్డ మాట లోపల్నే ఉండిపోతది. పక్కన ఎవరుండాల్నో మనమే చూసుకోవాలె."

"మందు పని మందు చేస్తుంది అనసూయా. కూర్చోవడానికి కూడా చదువు కావాలా?" అన్నాడు ఆయన, తన కుర్చీలో ఇటు నుంచి అటు తిరుగుతూ.

మూడోసారి నాలో మధునమ్మ కూర్చుంది. అంచు మీద, కొంగు ఒళ్ళో పెట్టుకుని. నర్సు సెలైన్ పెట్టి, వెలుతురు పడకుండా ఓదెలు కళ్ళకు గంతలు కట్టి వెళ్ళిపోయింది. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కొంతసేపటికి ఓదెలు తల అటూ ఇటూ ఊగింది. గొంతు మారింది. గరగరలాడుతూ, ఎక్కడో అడుగు నుంచి వస్తున్నట్టు ఉంది.

"గాలి ఆడ్తలేదు. మీద బండున్నది. తియ్యుండ్రి."

మధునమ్మ దిగ్గున లేచింది. ఆమె పుట్టి పెరిగిన చోట ఊగే తలకూ మారిన గొంతుకూ ఒక్కటే అర్థం. మనిషి మీదికి ఎవరో వచ్చారు. అలా వచ్చినవాళ్ళను ఊరికే పోనివ్వరు. ఎవరో అడగాలి, ఏం కావాలో అడగాలి. కొంగుముడి విప్పి, మల్లన్న గుడి నుంచి తెచ్చిన పసుపు బండారి తీసి తమ్ముడి నుదుట పెట్టింది. చేతులు జోడించింది.

"ఎవలు నువ్వు? జంపయ్యవా?"

"ఆఁ."

"ఇన్ని దినాలకు నోరు తెరిసినవా? నీ కోసం ఎంత ఏడ్సిన్నో సూసినవా?" జోడించిన చేతులు నుదుటికి ఆనించుకుంది. "మా తమ్ముని మీద ఎందుకున్నవ్? ఏం గావాలె నీకు? ఏది గావాల్నంటే గది ఇస్త. వాన్ని ఇడ్సిపెట్టు."

ఓదెలు చాలాసేపు ఊపిరి ఎగబీల్చాడు.

"ఓదెలు గుంజ తెస్తనని పోయిండు. రాలే. వాడు నా తాన ఉండాలె. వాన్ని పంపు."

వచ్చినవాళ్ళు ఏది కోరినా కాదనకూడదన్నది ఆమె నేర్చుకున్న పద్ధతి. ముందు ఒప్పుకుని శాంతింపజెయ్యాలి. తర్వాత బతిమాలి, మేకనో కోడినో ఇచ్చి తీర్చుకోవచ్చు. ఊళ్ళో అందరూ చేసేది అదే.

"పంపుత," అంది మధునమ్మ. "నా తమ్మున్ని నీ తానికి పంపుత. నువ్వు సల్లబడు."

ఓదెలు చల్లబడ్డాడు. తల ఊగడం ఆగింది. నర్సు వచ్చి బీపీ చూసి బాగుందంది. నాకు నోరు ఉంటే ఆ క్షణాన అరిచేదాన్ని. ముందు గదిలో ఉన్న అనసూయను కేక వేసి పిలిచేదాన్ని. వడ్రంగి నాకు చేతులు పెట్టాడు, కాళ్ళు పెట్టాడు, నోరు మాత్రం పెట్టలేదు.

లేచాక ఓదెలు ముఖం తేటగా ఉంది. అక్క చెప్పులు మంచం కిందికి పోతే తనే వంగి తీసి ఇచ్చాడు. డాక్టర్ చూసి చాలా మెరుగన్నాడు. మర్నాడు అనసూయతో కూర్చోవలసింది. అవసరం లేదని పంపేశారు. మధునమ్మ కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. అది ఇంటి విషయం, తీర్చుకోవలసింది తనే అనుకుంది. ఆ ఆదివారమే మేకను కోయించింది.

నాలుగోసారికి ఓదెలు రాలేదు. మూసేసిన పాత గని వైపు పోయి ప్రాణం తీసుకున్నాడని నర్సు చెప్పింది. డాక్టర్ మురహరి ఆ రోజు లోపలి గదికి వచ్చి, తిరిగే కుర్చీ లేక, చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

దినాలు అయ్యాక మధునమ్మ ఒక్కతే వచ్చింది. నేరుగా లోపలి గదిలోకి వచ్చి మంచం మీద పడుకుంది. చెయ్యి చాపింది.

"గా మందు నాకు వెయ్యుండ్రి. నా మీదికి మా తమ్ముడొస్తడు. ఒక్క మాట అడగాలె."

అనసూయ ఆమెను లేపి నాలో కూర్చోబెట్టింది. తను కింద నేల మీద కూర్చుంది. ఏం జరిగిందో అప్పుడు అడిగింది. మధునమ్మ అంతా చెప్పింది. బండారి, గొంతు, కోరిక, తను ఇచ్చిన మాట, మేక.

"మేకనిచ్చిన గద మేడం? ఎందుకు ఒప్పుకోలే జంపయ్య? బతికున్నప్పుడు గంత మొండోడు గాదు."

అనసూయ ఆమె మోకాళ్ళ మీద చేతులు వేసింది. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండునని నాకు అనిపించింది. కానీ ఆమె ఎవరికీ అబద్ధం చెప్పదు.

"మధునక్కా, ఆ దినం మాట్లాడింది జంపయ్య గాదు. మందులో మనుషుల మీదికి ఎవరూ రారు. లోపల దాచుకున్న బాధ బయటికొస్తది, అంతే. అది ఓదెలే. తప్పు చేసిన, నేను గూడ పోవాలె అని తనే అన్నడు."

మధునమ్మ వేళ్ళు నా రెండు చేతుల మీద బిగుసుకున్నాయి.

"అయితే," అంది చిన్న గొంతుతో, "పంపుత అని నేనన్నది ఎవలతోని?"

బయట వరండాలో నర్సు తర్వాతి వాళ్ళ పేరు పిలుస్తోంది.