కాలనీకిచ్చిన క్యారమ్ బోర్డు

నేను ఒక క్యారమ్ బోర్డును. ఇప్పుడు నన్ను చూస్తే నమ్మబుద్ధి కాదు. మూలల్లో వలలు చినిగిపోయాయి, మధ్యలో ఎర్రగా ఉండాల్సిన గుండ్రం మీద గుమ్మడి వడియాల మరక పడింది. ఎండలో పెట్టిన ప్రతిసారీ చట్రం కాస్త విడిపోతోంది.

నన్ను చేసినాయన గుంటూరులో ఒక ఇరుకు సందులో వడ్రంగి. నున్నగా రుద్ది, కాయ వదిలి, అది అవతలి అంచు తాకి తిరిగొస్తే గాని ఊరుకునేవాడు కాదు. నేను ఏదో బడికి చేరతానని అనుకున్నాడు పాపం. ఎన్నికల ముందు ఒక మనిషి వచ్చి నాలాంటివాటిని కట్టగట్టి తీసుకుపోయాడు. వాటితోపాటు నా వెనక కూడా ఆ ఎన్నికల్లో నిలబడ్డ శేషగిరి గారి ఫొటో అంటించారు. అందులో ఆయన దండం పెడుతూ నవ్వుతున్నాడు. నన్ను స్టూలు మీద పెడితే ఆ నవ్వు కిందికి, ఆడేవాళ్ళ మోకాళ్ళకేసి ఉండేది. అది ఎవరికీ కనిపించేది కాదు.

నేను చేరింది కోల్డు స్టోరేజీల పక్క కాలనీకి. అక్కడి ఆడవాళ్ళు పొద్దుగూకేదాకా మిరపకాయల తొడిమలు తీస్తారు. ఎంత తోమినా వాళ్ళ చేతుల మంట పోదు. వాళ్ళ పొదుపు సంఘానికి కరుణమ్మ పెద్ద. ఓట్లకి వచ్చిన శేషగిరి గారు ఏం కావాలని అడిగితే సగం మంది కుళాయి అన్నారట. కరుణమ్మ మాత్రం లేచి, "పిల్లలు ఎండన పడి తిరక్కుండా నీడపట్టున కూర్చునే దారి చూపించండయ్యా, అంతే చాలు" అంది. ప్రతి ఇంట్లోనూ పని లేని కొడుకు ఒకడున్నాడు కాబట్టి కుళాయి అడిగినవాళ్ళు కూడా తలలూపారు. పైపు వేయడం కంటే నన్నివ్వడం తేలికని ఆయనకి తోచి ఉంటుంది. చాలా సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆయన ఇప్పించిన పాత అంగన్‌వాడీ గది శుభ్రం చేసి నన్ను పెట్టారు. కరుణమ్మ పాస్టరు గారిని పిలిపించి నా మీద ప్రార్థన కూడా చేయించింది. ఆమె కొడుకు ప్రభుదాసు ఐటీఐ చదివి ఎలక్ట్రీషియన్ పని నేర్చాడు. ఆ గదికి వైరు లాగి లైటు పెట్టింది అతనే. మిగతా కుర్రాళ్ళకి స్విచ్చి బోర్డు విప్పి, ఏ తీగ ఎక్కడికి పోతుందో నా మీదే పెట్టి చూపించేవాడు. ఆ కొన్ని నెలలూ వడ్రంగి కోరుకున్న చోటే ఉన్నాననిపించింది.

దాసు చెల్లెలు సలోమి ఇంటర్ చదువుతోంది. అన్నకి అన్నం తెచ్చినప్పుడు గదిలో ఎవరూ లేకపోతే ఒంటరిగా ఆడుకునేది. సూదిలో దారం ఎక్కించినంత ఒద్దికగా కాయల్ని కొట్టేది. వాళ్ళందరిలో చేయి తిరిగింది ఆ పిల్లే. ఆడపిల్లకి ఆ గదిలో ఏం పనని కరుణమ్మే తిట్టేది. పిల్లల కోసం నీడ అడిగినప్పుడు ఈ పిల్ల ఆమె లెక్కలోకి రాలేదు.

నాకు మనుషులు వేళ్ళతోనే తెలుస్తారు. ముందు కుర్రాళ్ళ వేళ్ళకి పౌడరు వాసన ఉండేది. తర్వాత పోస్టర్లంటించే మైదా వాసన వచ్చింది. శేషగిరి గారు గెలిచాక పెట్రోలు వాసన వచ్చింది. కుర్రాళ్ళందరికీ ఒకే రంగు చొక్కాలు కుట్టించారు. ఆయన మీటింగులో దాసుని పేరు పెట్టి పిలిచాడని కరుణమ్మ తొడిమల షెడ్డులో చెప్పుకుని మురిసిపోయింది. ఒకరోజు నా పక్క మూలన కర్రల కట్ట వచ్చి చేరింది. జెండాలకన్నారు. వాటికి జెండాలు కట్టగా నేను చూడలేదు.

ఇంతలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి దాసుకి అప్రెంటిస్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ ఉద్యోగం వస్తే తను తొడిమల పని మానేస్తానని కరుణమ్మ అందరితోనూ అంది. ఆ పొద్దున దాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సు వచ్చేలోపు ఒక ఆట అని కూర్చున్నాడు. ఎర్ర కాయ మూల దగ్గరే ఉంది. కొట్టబోతుండగా జీపు వచ్చి ఆగింది.

"శేషగిరన్న రమ్మంటున్నాడు. మిల్లు స్థలంలో గుడిసెలోళ్ళు కదలటంలా. మీరు ఊరికే నిలబడితే చాలు" అన్నాడు డ్రైవరు.

టిఫిన్ క్యారియరు పట్టుకుని గుమ్మంలో ఉంది సలోమి. "అన్నయ్యా, బస్సొచ్చే వేళయింది" అంది.

దాసు వేలు నా అంచు మీదే కాసేపు ఆగింది.

"గది ఇచ్చినాయన్ని ఎట్టా కాదంటామే? ఇట్టా పోయి అట్టా వచ్చేస్తా. ఆట చెరపమాక."

ఆ గదిలో అదొక పద్ధతి. ఎవరైనా మధ్యలో లేస్తే, వాళ్ళు తిరిగొచ్చేదాకా కాయలు ముట్టరు. దాసు తన తువ్వాలు నా మీద కప్పాడు. మూలన కర్రలు కదిలిన చప్పుడైంది. కాసేపటికి బస్సు హారను కొట్టి, ఆగి, వెళ్ళిపోయింది.

ఆ తువ్వాలు కిందే మిగతాదంతా విన్నాను. ఒక గుడిసె ముందు ముసలాయన తల పగిలి పడిపోయాడని, లేవలేదని ఆడవాళ్ళు చెప్పుకున్నారు. ఆయన ఒకప్పుడు ఇక్కడే, ఈ కోల్డు స్టోరేజీలోనే మిరప బస్తాలు మోసేవాడట. కేసులో కుర్రాళ్ళ పేర్లున్నాయి గాని జీపు ఎవరిదో లేదు. ఆ కుర్రాళ్ళెవరో తనకి తెలియదని శేషగిరి గారు పేపరు వాళ్ళతో చెప్పాడు. కరుణమ్మ ఆయన గేటు దగ్గర ఎన్ని పొద్దులు నిలబడిందో గాని, చివరికి బెయిలు ఇప్పించింది ఆయనే. "నేనున్నాను కదా కరుణమ్మా" అన్నాడట.

దాసు వచ్చి తువ్వాలు తీశాడు. ఎర్ర కాయ అక్కడే ఉంది. కొట్టబోయాడు గాని ఆ రోజు గొడవలో విరిగి అతికిన వేలు వంగలేదు. నన్ను ఎత్తి గోడకి ఆనించాడు, కాయలన్నీ నేలమీద దొర్లాయి. వాటిని సలోమి ఒక్కతే ఏరింది. కేసున్నవాణ్ణి ఏ ఫ్యాక్టరీ తీసుకుంటుంది? ఈసారి జీపు వచ్చినప్పుడు అతన్నెవరూ పిలవలేదు. తనే వెళ్ళి ముందు సీటులో కూర్చున్నాడు.

ఆ గది శేషగిరి గారి ఆఫీసైంది. నన్ను సలోమి ఇంటికి మోసుకొచ్చింది. కరుణమ్మ నా మీద వడియాలు పెట్టడం మొదలుపెట్టింది. తొడిమల పని మానలేదు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. నిన్న సాయంత్రం వీధిలో కొత్త వార్నీషు వాసన వేసింది. ఆ వాసన నాకు తెలుసు. జీపులోంచి నాలాంటి కొత్త బోర్డొకటి దించారు. చుట్టూ పదిహేనూ పదహారేళ్ళ పిల్లలు మూగారు. ఎదురింటి రాహేలమ్మ తన చిన్నకొడుకు భుజం మీద చెయ్యేసి నిలబడింది. కరుణమ్మ అప్పుడే పని నుంచి వచ్చి, చేతులు ఇంకా కడుక్కోకుండానే గుమ్మంలో ఆగిపోయింది.

బోర్డు దించింది దాసే. వంగని వేలితో దాని మీద దుమ్ము తుడిచి, రాహేలమ్మ చేతికిచ్చి నవ్వాడు.

"తీసుకో పిన్నీ. పిల్లలు ఎండన పడి తిరక్కుండా నీడపట్టున కూర్చుంటారు."

రాహేలమ్మ రెండు చేతులా అందుకుంది. కరుణమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగితే చెయ్యి మొహం దాకా తెచ్చి, మిరప ఘాటు గుర్తొచ్చి దించేసుకుంది. ఆ చేతులతో కళ్ళు కూడా తుడుచుకోలేదు. సలోమి వచ్చి తన ఓణీ కొంగుతో తల్లి కళ్ళు తుడిచింది. వీధిలో పిల్లలు అప్పటికే ముందు ఎవరు ఆడాలో వాదించుకుంటున్నారు.