పదో మనిషి

ఆస్పత్రి గేటు తీసే వేళకే నర్సమ్మ పని సగం అయిపోయేది. నీలం పెట్టెలో ఐసు ముక్కలు పేర్చి, మధ్యలో టీకా సీసాలు నిలబెట్టి, మూత బిగించి భుజాన తగిలించుకునేది. ఆ జబ్బు వచ్చిన ఏడాదంతా పెట్టె పట్టీ ఒరుసుకుని ఆమె భుజం కాయ కాసింది. "మొగుణ్ణి కూడా ఇంత భద్రంగా చూసుకుని ఉండవు" అని ఆయా ఎగతాళి చేసేది.

ఒక్కో సీసాలో పదిమందికి సరిపడా మందు. ఒకసారి తెరిస్తే సాయంత్రంలోగా వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. బంగళాల వీధిలో ఆ సంగతి ఎవరికీ పట్టేది కాదు. అక్కణ్ణుంచి ఫోన్ వస్తే చాలు, సూపర్‌వైజర్ ఆమెను పరుగెత్తించేవాడు. ఇద్దరి కోసం సీసా తెరిచి, మిగతాది వాళ్ళ సింకులోనే వంపేసి వచ్చిన రోజులున్నాయి. ఉప్పు దిబ్బకి వెళ్ళాలంటే మాత్రం ఎక్కడలేని కట్టుదిట్టం. "పదిమంది నిలబడితేనే సీసా ముట్టుకో. వృథా అయిందో, నీ ఉద్యోగానికే ఎసరు" అని హెచ్చరించి మరీ పంపేవాడు.

ఉప్పు దిబ్బకి పడవలో వెళ్ళాలి. ఉప్పు మడులు, కాసిని రేకుల ఇళ్ళు, అంతే ఊరు. నర్సమ్మ చెల్లెల్ని ఇచ్చింది ఆ ఊరికే.

మొదటిసారి వెళ్ళినప్పుడు చెల్లి రేవు దాకా ఎదురొచ్చి పెట్టె అందుకుంది. పెద్దవాళ్ళంతా మడుల్లో పని ఆపుకుని వచ్చి వరసగా నిలబడ్డారు. నర్సమ్మ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. తొమ్మిదిమందే తేలారు. పిల్లలకి వెయ్యకూడదు. పడవవాడు ఆస్పత్రిలోనే వేయించేసుకున్నాడు.

"మా మావయ్యగారు ఉన్నారుగా, ఆయనతో పది" అంది చెల్లి.

చెల్లి మామగారు వరస చివర చొక్కా చెయ్యి మడుచుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ దిబ్బ మీద పోయినవాళ్ళు చేతిలో పని తెమిలేదాకా వెళ్ళరు. ఆయనకి ఒక మడి గట్టు మిగిలిపోయింది. రోజూ నాలుగు తట్టల మట్టి వేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. ఆ గట్టు ఎన్నాళ్ళకి పూర్తవుతుందోనని ఆయన భార్య అప్పుడప్పుడూ విసుక్కునేది.

"నన్ను కలిపెయ్ అమ్మాయ్. సూది వికటించినా నాకొచ్చే నష్టం లేదు" అన్నాడాయన. అందరూ పకపకా నవ్వారు.

నర్సమ్మకి నవ్వు రాలేదు. "బతికున్నవాళ్ళనే లెక్కపెట్టాలి మావయ్యగారూ. రేపు పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పను?"

"ఎవరొచ్చి అడుగుతారక్కా? మేం ఉన్నామో పోయామో కూడా ఎవరికీ అక్కర్లేదు."

"పోనీ నువ్వే ఆస్పత్రికి రా."

"పోయిన నెల అందరం వచ్చాంగా. మీరు ఈ వార్డు వాళ్ళు కాదని గేటు దగ్గరే తిప్పి పంపేశారు. ఆ రోజు కూలీ పోయింది, సూదీ పడలేదు."

నర్సమ్మ వచ్చే నెల తప్పకుండా వస్తానని, ఈలోగా చుట్టాలెవరైనా వస్తే ఆపమని చెప్పి పెట్టె మూసేసింది. తిరిగొచ్చేసరికి బంగళాల వీధి నుంచి పిలుపు. ఒక్కావిడ కోసం అదే సీసా తెరిచి, మిగిలినదంతా సింకులో వంపింది. కొళాయి తిప్పి కడిగింది కూడా.

నెల తిరక్కముందే పడవవాడు ఆస్పత్రి మెట్ల దగ్గరికొచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. జ్వరం వచ్చిన వారానికే చెల్లి ఊపిరాడక పోయింది. చివరి చూపుకి కూడా ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. ఆ రోజు తెరిచి ఉంటే ఏమయ్యేది? ఉద్యోగం పోయేది. పోతే పోయేది. ఆ మాట నర్సమ్మ అన్నం దగ్గరా అనుకుంది, మంచం మీదా అనుకుంది.

మళ్ళీ దిబ్బకి వెళ్ళిన రోజు చెల్లి ఎప్పటిలాగే రేవులో ఎదురుచూస్తోంది.

"వచ్చావా అక్కా" అంటూ పెట్టె అందుకుంది.

చెల్లి అత్తగారు నర్సమ్మని పక్కకి పిలిచింది. "మడిలో ఉప్పు పోగెయ్యదు, వంట ముట్టుకోదు. పొద్దున లేస్తే నీ పడవ కోసమే చూపు. దీనికి మిగిలిన పని ఆ సూదొక్కటే అమ్మాయ్."

వరస కట్టారు. బతికున్నవాళ్ళు ఎనిమిదిమంది. వాళ్ళ వెనక మామగారు, ఆయన వెనక చెల్లి. నర్సమ్మ ఒక్కసారే లెక్కపెట్టింది. పది. మొదటిసారీ పదిమందే ఉన్నారు కదా అనుకుంది. సీసా తెరిచింది.

అత్తగారికి వేసింది. చెల్లి మొగుడికి వేసింది. "ఇంత తొందరేం వదినా, కాసేపు ఆగి వెయ్యి" అన్నాడతను. ఆగలేదు. ఆ వానాకాలం జబ్బు మళ్ళీ దిబ్బ మీదికి వచ్చింది. అత్తగారు మంచం పట్టి లేచింది, చెల్లి మొగుడు దగ్గి దగ్గి కోలుకున్నాడు, ఎనిమిదిమందిలో ఒక్కరూ పోలేదు. అయితే అదంతా తరవాతి సంగతి.

ఆ రోజు మామగారికి కూడా సూది వేశాక సీసాలో ఒక్కరికే మందు మిగిలింది. చెల్లి వచ్చి ముందు కూర్చుంది.

"వేస్తే వెళ్ళిపోతావు కదే" అంది నర్సమ్మ.

"వెయ్యకపోతే మళ్ళీ పారబోస్తావా?"

చెల్లి దెప్పడానికి అనలేదు, మామూలుగానే అడిగింది. అదే నర్సమ్మకి ఎక్కువ తగిలింది. కళ్ళు తుడుచుకుని సిరంజి నింపింది. చెల్లి చెయ్యి చాపి మొహం అటు తిప్పుకుంది. రక్తం చుక్క రాలేదు. అయినా నర్సమ్మ దూది అద్ది నొక్కి పట్టుకుంది.

"అయిపోయిందా? ఇంక లేవనా?"

"అప్పుడే కాదు. సూది వేశాక అరగంట కూర్చోవాలి. ఎవరికైనా అదే రూలు."

చెల్లి కుదురుగా కూర్చుంది. నర్సమ్మ ఆమె పక్కనే కూర్చుని, చేతి గడియారం విప్పి, పెట్టెలో ఐసు ముక్కల అడుగుకి తోసేసి మూత బిగించింది.