కొంచెం వచ్చు

క్యాన్, కుడ్, ఏబుల్ టు. ఈ మూడు మాటలూ మూ వా అనే ఆమెకు కొట్టినపిండి. అమెరికాలో సెయింట్ పాల్ ఊరి లైబ్రరీలో సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకు వచ్చేవాళ్లలో ఖాళీలు తప్పులేకుండా పూరించేది ఆమె ఒక్కతే. కానీ నోరు తెరిచి "నేను ఫలానా పని చేయగలను" అనమనండి, చచ్చినా అనదు! ఆమె బర్మా నుంచి వచ్చిన కరెన్ తెగ మనిషి. వాళ్లలో ఎవరి పనితనం వాళ్లే చెప్పుకుంటే వినేవాళ్లకు సిగ్గేస్తుంది. ఎంత వచ్చినా "కొంచెం వచ్చు" అనాలంతే.

పక్క కుర్చీలో కూర్చునే సోమాలీ స్నేహితురాలు హోదన్‌కు ఆ బెంగే లేదు. "నేను ఒంటెను తోలగలను" అని క్లాసంతా వినేట్టు చెప్పింది.

"ఒంటె మొహం ఎప్పుడైనా చూశావా అక్కా?" అని మూ వా గుసగుసలాడింది.

"ఈ మంచులో తోలి చూపించమని ఒంటెను ఎవడు తెస్తాడే!"

నవ్వులకేం గానీ, మూ వా పగలంతా కోళ్ల ఫ్యాక్టరీలో ఐసుగడ్డలాంటి మాంసం కోస్తుంది. వేళ్లు బిగుసుకుపోతున్నాయి. ఇంకో ఏడాది అక్కడే ఉంటే మళ్లీ సూది పట్టే రాత ఉండదు. అందుకే కుట్టుపని కోసం తిరుగుతోంది. ఆ "కొంచెం" పుణ్యమా అని రెండుచోట్ల పని ఇప్పటికే చేజారింది. గురువారం వెళ్లాల్సింది పెళ్లి గౌన్లు సరిచేసే దుకాణానికి. ఆమెకు తెలిసినవాటిలో ఇదే ఆఖరిది.

"ఈసారి కొంచెం అన్నావో, నాలుక కోస్తా" అంటూ హోదన్ కూడా బయల్దేరింది.

దుకాణం యజమానురాలు కారిన్ కళ్లజోడు సర్దుకుంది. "లేసు అతకగలరా?"

"కొంచెం."

"పూసలు కుట్టగలరా?"

"కొంచెం వచ్చండి."

హోదన్ నెత్తి కొట్టుకుంది. కారిన్ పుస్తకం మూసేసింది. "ఏమీ అనుకోకండి. కొంచెం వచ్చినవాళ్లతో నా పని జరగదు."

ఇంక హోదన్ ఆగుతుందా! కోటు విప్పి బల్ల మీద పడేసింది. "తన గురించి తను చెప్పుకోలేదు, నేను చెప్పగలను. కిందటేడు కుక్క పట్టి లాగితే ఇది జానెడు చిరిగింది, తనే కుట్టింది. ఇదిగో, ఇక్కడే... కాదు, ఇక్కడ... అయ్యో, ఎక్కడే తల్లీ?"

కారిన్ కోటును దీపం దగ్గరికి తీసుకెళ్లి వెతికింది. తిరగేసి మళ్లీ వెతికింది. కుట్టు కనబడలేదు.

"దీన్నా మీరు కొంచెం అంటున్నది?"

మూ వా ముఖం ఎర్రబడింది. తడుముకోకుండా ఒకచోట వేలు పెట్టింది. "ఇక్కడండి. శరణార్థి శిబిరంలో మా అమ్మ నాకు కుట్టు నేర్పింది. పోయేదాకా కుడుతూనే ఉంది. ఆవిడ వేసిన కుట్టు ఆవిడకే కనబడేది కాదు. నాది నాకు కనబడుతోంది. అందుకే కొంచెం."

కారిన్ దగ్గరికి వంగింది. ఆ చోటును బొటనవేలితో తడిమి చూసింది.

"సోమవారం ఎనిమిదింటికి రాగలరా?"

మూ వా తన వేళ్ల వంక చూసుకుంది.

"రాగలను" అంది గట్టిగా. "ఏడింటికే రాగలను."