విప్పి మళ్ళీ కుట్టండి

మా ఆయన టైలరు. ఆయన కుట్టుకి వంక పెట్టినవాళ్ళు లేరు, ఆయన వంక పెట్టని మనిషీ లేడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పక్కన కూర్చుని బొత్తాలు కుడుతున్నాను. "ఇది బొత్తమా, ఊడబోయే పన్నా?" అంటాడు. నా టీని కషాయమంటాడు. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది, వినకపోతే తెల్లారినట్టుండదు.

మూడు వారాల కిందట కొట్టు షట్టరు సగంలో ఇరుక్కుంది. కింద నుంచి దూరి వస్తూ తొందరపడి లేచాడు. తల ఠంగుమంది. రక్తం రాలేదు, బొప్పి కట్టిందంతే. షట్టరునీ, దాన్ని చేసినవాణ్ణీ, గ్రీజు రాయించలేదని నన్నూ వారం రోజులు తిట్టాడు. తిట్లు మామూలుగానే ఉన్నాయి కాబట్టి తలా బాగానే ఉందనుకున్నాం.

తర్వాత మెల్లగా మారాడు. ఓ ఉదయం టీ తాగి, "బాగుంది. నీ టీ ఎప్పుడూ బాగుంటుంది" అన్నాడు. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

మా అత్తగారు పొంగిపోయారు. "చూశావా అమ్మాయ్, నా పెంపకం కాస్త ఆలస్యంగా పనిచేసింది."

పట్టపగలు మిషను మీదే కునుకు తీసేవాడు. తలనొప్పని నుదురు పట్టుకునేవాడు. వయసు మీద పడిందన్నారు అత్తగారు, నేనూ తలూపాను. నిజం చెప్పొద్దూ, ఆ కొత్త మనిషి నాకు నచ్చాడు. నాలుగు రోజులు ఆయన మెచ్చుకోళ్ళు వింటూ హాయిగా కూర్చున్నాను. ఆ నాలుగు రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఐదో రోజు ఆయన కుట్టిన చొక్కాకి బొత్తాలు వేయబోతే, ఒక చెయ్యి రెండోదానికంటే రెండు వేళ్ళు పొడుగుంది. భయంభయంగా చూపించాను.

"పోనీలే, మడతపెట్టుకుంటాడు" అన్నాడు నవ్వుతూ.

ఆ చొక్కా మడిచి సంచిలో పెట్టాను. పావంగుళం తేడాకి పెళ్ళికొడుకు కోటుని పెళ్ళిరోజు పొద్దున్నే విప్పేసిన మనిషాయన.

ఆస్పత్రికి బయల్దేరదీస్తుంటే అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "ఇన్నాళ్ళకి వాడు మంచిగా ఉన్నాడు. వైద్యం చేయించి పాడుచేస్తావా?"

డాక్టరు కుర్రాడు. పేరడిగాడు, తేదీ అడిగాడు, కళ్ళల్లో లైటు వేసి చూశాడు. ఈయన అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పి, "మీకెందుకు బాబూ ఇంత శ్రమ" అన్నాడు.

"ఏమిటమ్మా ఇబ్బంది?"

"నన్ను మెచ్చుకుంటున్నారండీ."

డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. నేను షట్టరు సంగతి చెప్పి, సంచిలోంచి చొక్కా తీసి టేబుల్ మీద పరిచాను. "ముప్ఫై ఏళ్ళలో ఈయన ఇలాంటిది కుట్టలేదు. పైగా చూసి నవ్వారు."

డాక్టరు చొక్కా చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఈయన వైపు తిరిగాడు. "రెండు చేతులూ ముందుకు చాపండి. అరచేతులు పైకి. ఇప్పుడు కళ్ళు మూసుకోండి."

కుడి చెయ్యి నిలబడింది. ఎడమది మెల్లగా కిందికి జారింది, అచ్చం ఆ చొక్కా చెయ్యిలాగే. ఈయనకి ఆ సంగతే తెలియలేదు.

వెంటనే స్కానింగు తీశారు. "దెబ్బ తగిలినప్పట్నుంచీ పుర్రెకీ మెదడుకీ మధ్య బొట్టుబొట్టుగా రక్తం చేరి మెదడుని నొక్కుతోంది" అన్నాడు డాక్టరు. "నిద్రమత్తు, చేతి నీరసం, ఈ మంచితనం, అన్నీ దానివల్లే. ఇంకో నాలుగు రోజులు ఆగుంటే కష్టమయ్యేది."

నేను తలదించుకున్నాను.

పుర్రెకి రంధ్రం చేసి రక్తం తీసేశారు. రెండు రోజులు మగతగా పడుకున్నాడు. కళ్ళు తెరిచినప్పుడల్లా నర్సుకి థాంక్స్ చెప్పేవాడు. ఇక ఈ మంచివాడితోనే బతకాలా అని మంచం పక్కన కూర్చుని ఏడ్చాను.

మూడో రోజు డాక్టరు కట్టు విప్పించాడు. నర్సు ఆపేలోపే ఈయన ఎడమచెయ్యి ఎత్తి, కుట్ల మీద వేలి కొస పోనిచ్చాడు. నుదురు ముడిపడింది.

"ఎవరు కుట్టారిది?"

"నేనేనండీ" అన్నాడు డాక్టరు.

"కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం సమానంగా లేదు. నాలుగోది వంకర. విప్పి మళ్ళీ కుట్టండి."

డాక్టరు కంగారుగా నా వైపు చూశాడు. "ఈయన మామూలుగా ఇంతేనా అమ్మా?"

ఏడుస్తూనే ఇంతేనన్నట్టు తలూపాను. పక్కనున్న అత్తగారు "అయిపోయింది" అని నిట్టూర్చి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

ఈయన నా వైపు తిరిగాడు. "ఆ ఏడుపెందుకు? షట్టరుకి గ్రీజు రాయించావా లేదా?"

"లేదండీ, రాయించలేదు" అన్నాను. నా జన్మలో ఏ తప్పూ అంత సంతోషంగా ఒప్పుకోలేదు.