మిషనుకు మైల

మిషనుకు బొట్టు పెట్టినారంట, పసుపు పూసి, టెంకాయ కొట్టి, చామంతుల దండ ఏసినారంట, ఇనుముకు, గుడ్డలుతికే ఇనుముకు, నా పెండ్లినాడు నా మెడలో కూడా అంత దండ పడలేదు గదా తల్లీ, ఈ చెలమలో నీళ్లు ఊరేదెప్పుడు, ఇసక తోడి తోడి గోర్లు అరిగిపాయె, దోసెడు నీళ్లొస్తే దోసెడు ఇసక జారుతాది, గుత్తి కోట మీద మబ్బు నిలబడి ఎన్నేండ్లాయెనో, ఈ వంక పారి ఎన్నేండ్లాయెనో, ఆడ శెట్టి ఇంట్లో మాత్రం బావికి మోటరు, మిషను కడుపునిండా నీళ్లు తాగి, నురగ కక్కి, అంతా మోరీలో పారబోస్తాది, ఆ మోరీ నీళ్లు నా దిక్కు ఇడిసినా నాలుగిండ్ల గుడ్డలు జాడించుకుందును, థూ, ఈ మూట చూడు, పక్కనే చుట్టం మాదిరి కూచోనుండాది, పురిటి మూట, ఈగలు అప్పుడే కనుక్కున్యాయి.

శెట్టి అల్లుడు మద్రాసు నుంచి లారీలో పంపించినాడు ఆ మిషన్ను, అది దిగిన దినమే సుబ్బరత్నమ్మ, శెనక్కాయ మిల్లు శెట్టి పెండ్లాము, వాకిట్లో నిలబడి నగుతా చెప్పింది, ఇంగ నువ్వు రావద్దులే తిమ్మక్కా, మీ రేవులో ఊరందరి గుడ్డలూ ఒగే బండ మీద బాదుతారు, ఎవురి మురికి ఎవురికి అంటుతాదో, మాకు మా మిషనుండాది, అని, మా అత్త కాలం నుంచి ఆ బండ మీదనే గదమ్మా మీ పంచెలు తెల్లగైంది, అప్పుడు అంటని మురికి ఇప్పుడెట్ల అంటుతాది అని అడగాల్సింది, అడగలే, ఖాళీ చేతుల్తో ఇంటికొస్తి, మా ఇంటాయన గురప్ప అయితే పోతే పోనీలేవే, ఈ ఊర్లో వాళ్లదొక్కటే ఇల్లా అని బీడీ ముట్టించుకున్యాడు, ఆయప్పకేం, మొగోడు, మాపటేళ ఆ ఇంటి అన్నం గిన్నె రాకపోతే ఖాళీ పొయ్యి ముందర కూచునేది నేను గదా.

పొద్దున కబురొస్తే నేనొక ఎర్రిదాన్ని, సంతోషపడినా, శెట్టి కూతురు నాగలక్ష్మమ్మకు కొడుకు పుట్టినాడంట, జాగు చెయ్యకుండా నిన్ను బిన్నా రమ్మంటాండారు అంటే, చూసినావా, నేను లేకపోతే వాళ్లకు జరగదు అనుకొని, కొప్పు ముడేసుకొని ఉరికినా, పోతే ఏముండాది, వెనక వాకిలి కాడ ఈ మూట, దాన్ని కట్టెతో నా దిక్కు తోసింది సుబ్బరత్నమ్మ, ఉతుక్కొని రావే, నువ్వు తెచ్చిచ్చే చలవ చీర కట్టుకుంటే గాని పిల్ల గది ఇడిసి రాకూడదు, నీకు తెలీందేముండాది, నేను వసారాలోకి చూసినా, ఆడనే ఉండాది అది, తెల్లగా, దండ ఏసుకోని, మిషనుండాది గదమ్మా అంటి, ఆయమ్మ బుగ్గలు నొక్కుకుంది, ఏం మాటే అది, పూజ పంచెలు, దేవుని గుడ్డలు దాంట్లో ఏస్తాము, పురిటి గుడ్డ తగిలితే మిషను మైలపడదా అనె.

మైలపడతాదంట, అయ్యో పాపం, దానికి మడి, దానికి బొట్టు, నా చేతులకేమి, ఇవి చేతులు కావా, ఈ నాగలక్ష్మమ్మ పుట్టిన గుడ్డలు ఉతికింది ఈ చేతులే, ఆ పిల్ల పెద్దమనిషి అయితే మూలన కూచునేదానికి నేను ఇచ్చిన చీరే కట్టుకునింది, నీ చీర ఎంత మెత్తగుండాది తిమ్మక్కా అని చెంగు బుగ్గకు రాసుకునింది, ఆ గుడ్డలు పిండిన చేతులతోనే ఇంటికి పోయి సంగటి కెలికి నా బిడ్డలకు ముద్దలు పెట్టినా, అప్పుడు ఎవురన్నా అడిగినారా, తిమ్మక్కా నీకు మైల అంటలేదా అని, ఒగరన్నా, ఒగ దినమన్నా, కడుపు మండిపోతాంది, ఈ మూట ఈడనే పారేసి పోదునా అంటే, పొద్దున కిటికీలోంచి ఆ పిల్ల గొంతు, మాసి నలిగిన చీర మీదనే పండుకోనుండా తిమ్మక్కా, ఈ వాసన నాకే ఓర్సుకోలేకుండా ఉండాది, బిన్నా తీసకరా, అని, దాని మీద నాకేం కోపం, పచ్చి బాలింత.

చెలమలో చూస్తే అడుగు కూడా నిండలే, ఈ నీళ్లతో ఎప్పుడు ఉతకల్ల, ఎప్పుడు ఆరెయ్యల్ల, వాళ్లింట్లో కొళాయి గొట్టం ఆ మిషను నోట్లోనే పెట్టిండారు, ఏందో లేచినా, మూట నెత్తిన పెట్టుకొని వచ్చిన దావనే నడిచినా, మిల్లు దాటినా, వెనక వాకిలి తీసేవుండాది, వసారాలోకి పోయి దండ తీసి పక్కన పెట్టినా, మూత ఎత్తినా, మూట ఇప్పి కుమ్మరించినా, పక్కనున్న సబ్బుపొడి ఏసి కొళాయి ఇప్పినా, అంతే, సుబ్బరత్నమ్మ కేకలేసుకుంటా వచ్చింది, ఏం పని చేస్తివే, కొంప ముంచితివి గదే అని, వచ్చి గడప కాడ ఆగిపాయె, అడుగు ముందరికెయ్యలే, ఎట్లేస్తాది, అంతా మైల గదా, కిటికీలోంచి నాగలక్ష్మమ్మ, గొంతులో నగువు ఆపుకోలేక, నల్ల మీట తిమ్మక్కా, కుడిపక్కకు తిప్పు, అనె, తిప్పినా, గుడగుడమని కదిలింది.

తిరుగుతాండాది, నురగ ఎర్రగా పొంగుతాండాది, ఇంగ దీన్ని శెట్టి ముట్టడు, సుబ్బరత్నమ్మ ముట్టదు, ఆయమ్మ గడప అవతల నుంచే గొంతు తగ్గించి, అయిందేదో అయింది, దాన్ని కూడా కడిగి మైల తీసిపోవే, నీకు పుణ్యముంటాది అంటాండాది, మిషన్ను కడగల్లంట, అదీ నేనే కడగల్లంట, నా చేతుల దిక్కు చూసుకుంటి, మురికి పొయ్యేదానికైతే వీళ్లకు ఇనుము చాలు, మైల పోవాలంటే మాత్రం అది ఇంగో మనిషికి అంటల్ల, అంటితేనే వీళ్లకు పోయినట్ల లెక్క, ఇన్నేండ్లూ నేను గుడ్డలు ఉతుకుతాండాననే అనుకుంటి.