చేరిన రోజు గుడ్లు

యూనివర్సిటీ ఇంటర్వ్యూ గదిలో పెద్దావిడ "మిమ్మల్ని తీసుకుంటున్నాం సెన్యోరా" అనగానే జులేమాకు సంతోషం కంటే ముందు భయం వేసింది. ఎందుకంటే నాలుగేళ్ళుగా ఆమె ఆ యూనివర్సిటీలోనే చదువుతోందని రొసారియో ఊళ్ళో ఆమె వాళ్ళందరి నమ్మకం.

ఆ అబద్ధం కోపంలో పుట్టింది. కూతురు ఐలెన్ నాలుగో ఏడు మధ్యలో హైస్కూలు మానేసి సెలూన్లో పనికి చేరతానన్న రోజున, జులేమా వంటింట్లో నలుగురి ముందూ ఇంతెత్తున లేచింది. "నలభై నాలుగేళ్ళొచ్చి నేను యూనివర్సిటీలో చేరుతున్నానే, నీకు పదిహేడేళ్ళకే చదువు బరువైపోయిందా?" అనేసింది. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. ఆమె హైస్కూల్లో రెండో ఏడు దాటింది లేదు. చిన్నపిల్లల బడిలో సాయానికి చేరి, పిల్లల నోట టీచరై, అలాగే చెలామణీ అయిపోయింది. అన్నమాట వెనక్కి తీసుకునే ధైర్యం లేక, వారానికి రెండు సాయంత్రాలు సంచి భుజాన వేసుకుని మునిసిపల్ లైబ్రరీకి వెళ్ళి కూర్చునేది. అక్కడ చదవడం మాత్రం నిజంగానే చదివింది. ఇంటికొచ్చి చెప్పే మార్కులే తనకు తాను వేసుకున్నవి.

ఆ మార్కులతోనే కూతుర్ని దెప్పేది. ఆదివారం చుట్టాలు చేరి మాతే ఆకుల టీ గిన్నె చేతులు మారుతుంటే, "మా ఇంట్లో చదువుకునేది ముసలిది, ఊడిన జుట్టు ఊడ్చేది పడుచుది" అని అందర్నీ నవ్వించేది. ఐలెన్ గిన్నెలో వేడినీళ్ళు పోసి పక్కవాళ్ళకు అందించేది.

స్కూలు పూర్తిచేయకపోయినా, పాతికేళ్ళు దాటితే, చేస్తున్న పని చూసి పరీక్ష పెట్టి యూనివర్సిటీలో చేర్చుకుంటారని లైబ్రరీలో పనిచేసే ఆవిడ చెప్పింది. జులేమాకు ప్రాణం లేచొచ్చింది. గుట్టుచప్పుడు కాకుండా చేరిపోతే, పట్టా కాస్త ఆలస్యమైందంటే సరిపోతుంది, ఎవరు లెక్కేస్తారు? రాతపరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ రోజు పొద్దున్న ఆడపడుచు నిల్డా "ఎక్కడికి వదినా అంత ముస్తాబై?" అంటే, "ఆఖరి పరీక్ష" అంది. చేరడానికి అది ఆఖరిదే కాబట్టి, నాలుగేళ్ళలో ఆ ఒక్కటే నిజం చెప్పింది. అదే కొంప ముంచింది.

బయటి తలుపు తోసుకుని మెట్ల మీదికి వచ్చిందో లేదో, ఒక గుడ్డు భుజానికి తగిలి పగిలింది.

"పాసైపోయింది! మా వదిన పాసైపోయిందహో!" నిల్డా గొంతు వీధి చివరిదాకా వినిపించింది. వెనకే బడిపిల్లల తల్లులిద్దరు, చేతుల్లో పిండి పొట్లాలు, ఆవాల సాసు సీసా. చదువు ముగిసిన రోజున గుడ్లూ పిండీ పడకుండా ఇల్లు చేరినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. దారిన పోయే విద్యార్థులు ఆగి ఈలలు వేశారు.

"ఆగండే, నేను చెప్పేది వినండి..."

"తర్వాత చెబుదువుగానీ, ముందు నోరు మూసుకో వదినా, పిండి పోతుంది!"

వాళ్ళ వెనక నిలబడ్డ ఐలెన్ దగ్గరికొచ్చింది. ఒక గుడ్డు తీసి తల్లి నెత్తిన మెల్లిగా చిట్లగొట్టింది. కళ్ళనిండా నీళ్ళు.

"సాధించావమ్మా. కొన్నాళ్ళు నేను నిన్ను నమ్మలేదు తెలుసా? అబద్ధమాడుతున్నావనుకున్నా. తప్పయిపోయింది."

జులేమాకు ఉన్నపళాన భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకపోగా, నిల్డా ఫోటో తీస్తుంటే నవ్వింది కూడా.

అప్పుడే ఇంటర్వ్యూ చేసిన పెద్దావిడ గొడుగు పట్టుకుని బయటికొచ్చింది. "అయ్యో, చేరిన రోజే గుడ్లా! ఇలాంటిది నేనెక్కడా చూడలేదమ్మా," అని మనసారా నవ్వింది. "క్లాసులు మార్చిలో, గుర్తుంచుకోండి సెన్యోరా." తన దారిన తాను వెళ్ళిపోయింది.

"చేరడమేంటి వదినా?" అంది నిల్డా. "చేరి నాలుగేళ్ళయింది కదా?"

"ఇవాళే చేర్చుకున్నారు," అంది జులేమా. పచ్చసొన కనుబొమ్మ మీంచి కారుతోంది. "స్కూలు పూర్తి చేయనివాళ్ళకు వేరే పరీక్ష ఉంది. అది రాశాను. ఇన్నాళ్ళూ వెళ్ళింది ఇక్కడికి కాదు, లైబ్రరీకి."

నిల్డా ఫోను సంచిలో పడేసింది. "రండమ్మా పోదాం," అంది తల్లులతో. జులేమా ముఖం ఎవరూ చూడలేదు. ఐలెన్ మాత్రం కదల్లేదు.

"ఎంతదాకా చదివావు?"

"రెండో ఏడు."

"నేను నాలుగో ఏడు దాకా చదివాను," అంది ఐలెన్, గొంతు పెంచకుండానే. తిరిగి చూడకుండా బస్సు స్టాపు వైపు నడిచింది. చేసేదేమీ లేక జులేమా పిండి రాల్చుకుంటూ వెనకే వెళ్ళింది.

బస్సు డ్రైవరు ఆ అవతారం చూడగానే హారన్ మోగించాడు. "లాయరమ్మో, డాక్టరమ్మో, ఎవరైతేనేం, రండి రండి! ఇవాళ మీకు టికెట్టు కార్డు కొట్టక్కర్లేదు!" బస్సంతా చప్పట్లు. ఐలెన్ అప్పటికే వెనక కిటికీ పక్కన కూర్చుంది.

"ఏం పాసయ్యారమ్మా?" అని ముందు సీటులోని పెద్దాయన అడిగాడు.

జులేమా కమ్మీ పట్టుకుంది. తలూపి ఊరుకుంటే సరిపోయేది. కూతురి వైపు చూసింది.

"ఏమీ పాసవలేదయ్యా. నాకు హైస్కూలే పూర్తి కాలేదు. ఇవాళే యూనివర్సిటీలో చేర్చుకున్నారు."

చప్పట్లు ఆగిపోయాయి. "మరి ఈ గుడ్లేంటి?" అన్నాడు పెద్దాయన. బస్సంతా ఆమెనే చూస్తోంది.

"అడ్వాన్సండీ," అంది వెనకనుంచి ఐలెన్. "మా అమ్మ పట్టా తెచ్చుకునేసరికి గుడ్ల ధర ఎక్కడుంటుందో? అందుకని ఇప్పుడే కొట్టేశాం."

అందరూ పడీపడీ నవ్వారు, డ్రైవరుతో సహా. ఐలెన్ నవ్వలేదు, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. జులేమాకు మెట్ల మీద కూడా ఇంత సిగ్గు వేయలేదు. ఆ పిల్లను నలుగురిలో తను ఎన్ని ఆదివారాలు నవ్వులపాలు చేసిందో గుర్తొచ్చింది. ఒక్కసారైనా ఇలా వెనకేసుకొచ్చిన గుర్తు లేదు.