లేవి మస్టర్

మ్యాన్‌హోల్‌లోంచి లేవిని కొక్కెం తగిలించి పైకి లాగుతున్నప్పుడు, అతని భార్య స్తుతి ఇరవై అడుగుల దూరంలో నిచ్చెన మీద నిలబడి గాంధీ బొమ్మ భుజం మీది పావురాల రెట్ట కడుగుతోంది. ఆగస్టు పదమూడు, పొద్దున ఆరున్నర. రెండు రోజుల్లో జెండా పండగ. మంత్రిగారు కూర్చునే వేదిక ముందు మురుగు పొంగి కంపు కొడుతోందని మేస్త్రి ఆంజనేయ లేవిని లోపలికి దింపాడు. మాస్కు లేదు, నడుముకు బెల్టు లేదు. మురుగు తోడే మిషను రిపేరులో ఉంది. అది రిపేరులో లేనిదెప్పుడు గనక!

ఊరి పేరుతో మనకు పని లేదు. కడప దిక్కున ఒక మునిసిపాలిటీ అనుకోండి, చాలు. ఆ ఊళ్లో ఒక పార్కు ఉంది. ఏ కాలపు చైర్మన్‌కు ఏం బుద్ధి పుట్టిందో, దేశదేశాల స్వాతంత్ర్య నాయకుల సిమెంటు బొమ్మలు ఏడు చేయించి వరసగా నిలబెట్టాడు. ఒక్కో బొమ్మ కింద ఒక్కో రాతిపలక. ఏడాదికి రెండుసార్లు, జెండా ఎగరేసే ముందు, పారిశుధ్య కార్మికులు వాటిని కడుగుతారు. మిగతా రోజుల్లో వాటి మొహం చూసే నాథుడు లేడు.

పదో తరగతి దాకా చదివిన లేవి మాత్రం కడిగినప్పుడల్లా ఆ పలకలు అందరికీ వినబడేలా చదివేవాడు. మండేలా ఇరవై ఏడేళ్లు జైల్లో ఉన్నాడు. హోచిమిన్ ఓడ వంటింట్లో కూలిపని చేశాడు. లుముంబాను కాల్చి చంపి, శవం కూడా దొరక్కుండా చేశారు. ఆడవాళ్లు బక్కెట్లు కిందపెట్టి వినేవారు. లుముంబా దగ్గరికి వచ్చేసరికి వాళ్లలో నన్నీ బీ ప్రతిసారీ, వాళ్లమ్మ ఏమైపోయిందో పాపం అని నిట్టూర్చేది.

పెద్దాసుపత్రిలో లేవి ప్రాణం పోయిందని చెప్పిన కాసేపటికే ఆఫీసు మనిషి వచ్చి స్తుతికి ఫోన్ చూపించాడు. ఆరోజు హాజరు వేసే మస్టర్‌లో లేవి పేరుకు ఎదురుగా గైర్హాజరు అని ఉంది.

ఈమధ్య హాజరు తీసుకునేది ఫోనే. మేస్త్రి దాన్ని మనిషి ముఖానికి ఎదురుగా పడతాడు. అది "కళ్లు ఆర్పండి" అంటుంది. ఆర్పితే పనికి వచ్చినట్టు, ఆర్పకపోతే రానట్టు. ఆ పొద్దున నెట్ రాలేదు. నెట్ రానప్పుడు ముందు పని, తర్వాత ముఖం. అందరికీ అలవాటైపోయింది. మేస్త్రి మాట నమ్మి ఎన్నిసార్లు అట్లా దిగారో! ఆ అలవాటే లేవి కొంప ముంచింది. పనికే రాని మనిషి పనిలో ఎట్లా చస్తాడు? తాగి పడ్డాడని కాగితం మీద రాసేశారు. పని గుత్తకు తీసుకున్న కాంట్రాక్టర్ మీద కేసు లేదు, దింపినవాళ్ల మీద మాట లేదు.

స్తుతి ఒళ్లు మండిపోయింది. లేవి చుక్క ముట్టని మనిషి. పదిహేనేళ్లు ఈ ఊరి మలం తన చేతులతో ఎత్తినవాణ్ని తాగుబోతని పూడ్చిపెడతారా? ఆ సాయంత్రమంతా మునిసిపల్ ఆఫీసులో టేబుల్ టేబుల్‌కూ తిరిగింది. పనిలో చచ్చిపోయాడని రాయండి, అదొక్కటి రాయండి సార్ అని బతిమాలింది. ఒకాయన రేపు రమ్మన్నాడు. ఇంకొకాయన, జెండా పండగ అయ్యేదాకా నోరు మూసుకోమ్మా, నీకే మంచిది అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం శవాన్ని ఇచ్చారు. శ్మశానానికి పోవాల్సిన బండిని స్తుతి పార్కు దగ్గర ఆపించింది. రోజూ వాళ్లకు హాజరు వేసే మస్టర్ పాయింట్ అక్కడే. రెండు వందల మంది గుమిగూడారు. ఆంజనేయ గోడవారగా తప్పుకోబోతుంటే ఆమె ఎదురు నిలబడింది.

"నిన్న పనికి రాలేదంటిరి గదా. ఈరోజు వచ్చినాడు. మస్టర్ తీసుకో, ఆంజనేయన్నా."

"వద్దు స్తుతమ్మా. నీ కాళ్లు మొక్కుతా."

"నువ్వు దిగమంటేనే దిగినాడు. తీసుకో."

జనం చుట్టూ బిగిశారు. ఆంజనేయ గత్యంతరం లేక ఫోన్ తీశాడు. ఈరోజు నెట్ బాగానే ఉంది. తెర మీది గుండ్రటి గీతలోకి లేవి ముఖం వచ్చింది, కింద అతని పేరూ వచ్చింది. అప్పుడు ఫోన్ ఎప్పటి మాటే చెప్పింది.

"కళ్లు ఆర్పండి."

ఎవరూ కదల్లేదు.

"కళ్లు ఆర్పండి. కళ్లు ఆర్పండి."

స్తుతి గొంతులోంచి అప్పుడు వచ్చింది ఏడుపు, రెండు రోజులదీ ఒక్కసారే. ఆడవాళ్లంతా గుండెలు బాదుకున్నారు. పోలీసులు వచ్చి జనాన్ని నెట్టేసి శవాన్ని లాక్కుని వ్యాన్‌లో పడేసుకున్నారు. నలుగురినే రానిచ్చి, పాస్టరు ప్రార్థన ముగించకముందే మట్టి కప్పించారు.

"ఆ లుముంబాకు చేసినట్టే చేసినారు గదమ్మే," అంది నన్నీ బీ.

సాయంత్రం కాలనీలో చర్చి ముందు అందరూ కూర్చున్నారు. రేపు మస్టర్‌కు పోవాలా వద్దా? కుర్రవాళ్లు వద్దన్నారు. అప్పటికే కాంట్రాక్టర్ మనుషులు వీధివీధికీ తిరిగి, రేపు రానివాళ్లు ఇక ఎప్పటికీ రానక్కర్లేదని చెప్పిపోయారు. అందరిలోకి పెద్దది కృష్ణవేణమ్మ. ఆమె మాటంటే కాలనీలో గురి.

"ఇరవై రెండేండ్లు చీపురు పట్టినా. రేపు మనం పోకుంటే ఎల్లుండి ఇంగొకర్ని పెట్టుకుంటారు. ఆ బొమ్మలోళ్లు లాయర్లు, శానా చదువుకున్నోళ్లు. వాళ్లు వద్దంటే లోకం వినింది. మనం వద్దంటే ఎవురింటారు?"

చాలామంది తలలు వంచుకున్నారు. ఆమె చెప్పింది అబద్ధం కాదు మరి. స్తుతి నన్నీ బీ భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"వాళ్లేమన్నా ఒంటిగా గెలిచినారా అక్కా? పలక మీద వాళ్ల పేర్లే ఉండాయి. ఎనకాల నడిచినోళ్ల పేర్లు రాసేకి రాయి చాల్లేదు. ఉప్పు తీసింది గాంధీ ఒక్కడే అయింటే అన్ని జైళ్లు ఎట్లా నిండుతాయి? వాళ్లంతా చేసింది ఒకటే, ఇంగ చెయ్యం అన్యారు. లేవి ఇదే చెప్తాండె." ఊపిరి తీసుకుంది. "రేపు నేను మస్టర్‌కు పోతా. నా మొగుడు కళ్లు ఆర్పలేకపాయ. నేనూ ఆర్పను. ఆయన పనిలో చచ్చినాడని రాసేదాకా ఆర్పను. మీ ఇష్టం."

కృష్ణవేణమ్మ లేచి ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకు స్తుతి ప్రాణం చచ్చిపోయింది.

పదిహేనో తేదీ పొద్దున మైకులో దేశభక్తి పాటలు మోగుతున్నాయి. మురుగు వేదిక మొదటి మెట్టు దాకా వచ్చింది. దాంట్లో దిగే మనిషి లేడు. మస్టర్ వరసలో ముందు స్తుతి నిలబడింది. ఫోన్‌లో తన ముఖం ఉబ్బిపోయి ఎవరిదోలా కనిపించింది.

"కళ్లు ఆర్పండి."

ఆమె కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు. లేవి కళ్లు నిన్న ఇక్కడే, ఇట్లాగే మూసి ఉన్నాయి. ఫోన్ అడిగింది, అడిగింది, విసిగి ఆగిపోయింది. ఆమె పక్కకు జరిగితే నన్నీ బీ వచ్చి నిలబడి కళ్లు మూసుకుంది. ఆమె తర్వాత ఇంకొకరు, ఇంకొకరు.

ముప్పై ఒకటో మనిషి దగ్గర ఎస్సై వచ్చాడు. లాఠీలు లేచాయి. స్తుతిని జుట్టు పట్టి వ్యాన్‌లోకి ఎక్కించారు, కళ్లు మూసిన అందరినీ ఎక్కించారు. వ్యాన్ జాలీలోంచి ఆమె చూస్తూనే ఉంది. మిగిలిన వరస చెదిరింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, ఫోన్ ముందుకు ఎవరూ రావడం లేదు. అంతే, అయిపోయింది అనుకుంది స్తుతి. లేవి తాగుబోతుగానే మిగిలిపోతాడు.

అప్పుడు వరస చివర్నుంచి కృష్ణవేణమ్మ వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, చీపురు పక్కన పెట్టింది, ఫోన్ ముందు నిలబడి కళ్లు మూసుకుంది.

ఆంజనేయ ఫోన్ పట్టుకునే వెనక్కి తిరిగాడు. "లేవిని నేనే దింపినా సార్," అన్నాడు ఎస్సైతో. "కాంట్రాక్టర్ దింపమంటే దింపినా. తాగలేదు వాడు." నోరు మూసుకోమని ఎస్సై కసిరాడు. కానీ ఆ మాట అక్కడున్న అందరూ విన్నారు. కృష్ణవేణమ్మ వెనక వరస మళ్లీ కట్టింది.

వ్యాన్ కదిలింది. మంత్రిగారి కారు రావడానికి ఇంకా రెండు గంటలుంది. కళ్లు ఆర్పండి అని ఫోన్ అడుగుతూనే ఉంది, ఒక్కరూ ఆర్పడం లేదు.